రివైండ్ చేసిందెవరు?

ఒంటి గంటా ఎనిమిది నిమిషాలకి నేను హాల్లో అడుగుపెట్టేసరికి, ఇన్‌స్పెక్టర్ కంప్యూటర్ ముందున్న తిరిగే కుర్చీలో కూర్చుని ఇటూ అటూ తిరుగుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మాయమైన మనిషి కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే ఆ కుర్చీ చెప్పే సగం సంగతులు నలిగిపోతాయని పోలీసు ట్రైనింగులో చెప్పే ఉంటారు. ఆ రోజు మావాడు సెలవు పెట్టి ఉంటాడు.

మావాడు అని ఊరికే అనలేదు. ఇన్‌స్పెక్టర్ నాకు తోడల్లుడు. మా ఆవిడ అక్క, వాళ్ళావిడ చెల్లెలు. ఇంట్లో నన్ను "అన్నయ్యా" అంటాడు. కానిస్టేబుళ్ళ ముందు మాత్రం, ప్రతిదానికీ టైము అడిగే ప్రైవేటు డిటెక్టివ్‌నని జనం నాకు తగిలించిన పేరుతో పిలుస్తాడు.

"రండి గడియారం గారూ! ఒంటిగంటకి వస్తానని ఎనిమిది నిమిషాలు లేటు."

"ముందు ఆ కుర్చీలోంచి లేవండి సార్. ఎత్తు కూడా మార్చేశారా?"

"మోకాళ్ళు టేబులుకి తగులుతుంటే కాస్త లేపాను. అయినా కుర్చీతో పనేముంది? కేసు అయిపోయింది. రెండున్నరకి నర్సుని కోర్టులో హాజరుపరుస్తున్నాం."

"శవం దొరికిందా?"

"దొరుకుతుంది. గజ ఈతగాళ్ళని కాలవలోకి దింపాను."

గోడకి ఆనుకుని నిలబడ్డావిడ ముఖం పక్కకి తిప్పుకుంది. ఆవిడ ఈ ఇంటి పెద్దాయన ఒక్కగానొక్క కూతురు. కళ్ళద్దాల షాపు నడుపుతుంది. పొద్దున ఆరూ నలభైకి మా గుమ్మం ముందు నిలబడి ఒక్కటే మాట అంది. "నాన్న బతికే ఉన్నాడండీ. వీళ్ళంతా నీళ్ళలో వెతుకుతున్నారు. నేల మీద ఎవరూ వెతకడం లేదు." ఆ మాటకి నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. కేసు ఒప్పుకున్నాను.

పెద్దాయనకి డెబ్భై నాలుగేళ్ళు. ముప్ఫై ఏళ్ళు వీడియో లైబ్రరీ నడిపాడు కాబట్టి అందరికీ క్యాసెట్ల పెద్దాయన. గుండెకి పూటకో మాత్ర పడాలి. శనివారం మధ్యాహ్నం నుంచి మనిషి లేడు, మాత్రల డబ్బా మాత్రం టీవీ స్టాండు మీదే ఉంది. ఇవాళ సోమవారం. నాలుగు మాత్రలు తప్పాయి. బతికుంటే ఆయనకి ఎంత టైముందో ఏ డాక్టరూ నాకు గట్టిగా చెప్పలేకపోయాడు. అందుకే పొద్దుట్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

"సరే, మీ లెక్క చెప్పండి," అన్నాను.

ఇన్‌స్పెక్టర్ వేళ్ళు మడిచాడు. "శనివారం నర్సు డ్యూటీ తొమ్మిది నుంచి రెండు. ఎదురు మందుల షాపు కెమెరాలో రెండూ నాలుగుకి ఒక్కతే బయటికెళ్ళింది. రెండూ పదిహేనుకి మేడ మీద ఉండే మేనల్లుడు కిందకి దిగాడు. పెద్దాయన గదిలో లేడు. నర్సు ఎక్కడికో తీసుకెళ్ళి ఉంటుందనుకున్నాడు. ఈ కంప్యూటర్లో ఓ సినిమా అద్దెకి తీసుకుని నాలుగూ ముప్ఫై ఒకటి దాకా ఇక్కడే కూర్చుని చూశాడు. అప్పటికీ రాకపోతే ఈవిడకి ఫోన్ చేశాడు. మరి రెండింటికి ముందు ఇంట్లో ఎవరున్నారు? నర్సు. బాత్‌రూమ్ సింకులో రక్తం ఎవరిది? పెద్దాయనది. వెనక సందు చివర ఏముంది? కాలవ."

"గడ్డం గీస్తుంటే తెగిందని నర్సు చెప్పింది కదా?"

"వాళ్ళంతే చెబుతారు."

"మరి ఎందుకు చంపిందట?"

"సాయంత్రానికి అదే చెబుతుంది," అన్నాడు తాపీగా.

నేను పొద్దున లాకప్ ముందు ఆ నర్సుతో ఎనిమిది నిమిషాలు మాట్లాడాను. భయంతో వణుకుతూ కూడా ఆమె నన్ను అడిగిందొక్కటే. "ఆయన మాత్రలు వేసుకున్నారా సార్?" చంపిన మనిషి మాత్రల గురించి అడగదు. కానీ ఇలాంటివి కోర్టులో చెల్లవు. నాకు నిమిషాలతో సహా కావాలి.

"మేనల్లుడు సినిమా చూశాడనడానికి ఆధారం?"

"ఇదిగో!" ఇన్‌స్పెక్టర్ మౌసు కదిపాడు. "కంపెనీవాళ్ళే రాసిపెట్టారు. అద్దె రెండూ పద్దెనిమిది. ప్లే రెండూ ఇరవై. ముగింపు నాలుగూ ముప్ఫై ఒకటి. హెచ్‌డీ. మధ్యలో ఆపింది కూడా లేదు. ఇంతకంటే గట్టి సాక్ష్యం మీ కెరీర్‌లో చూశారా?"

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. కాలవ దగ్గర్నుంచి. మాట్లాడుతూ వరండాలోకి వెళ్ళాడు. నేను వెంటనే కుర్చీ లాక్కున్నాను.

టేబులు మెట్ల కింద ఉంది. పెద్ద తెర, చెవులకి పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్, భూతద్దం, కళ్ళజోడు తుడిచే గుడ్డ. తెర మీద ఆయన సినిమాల లిస్టు అలాగే తెరిచి ఉంది. ఇరవై మూడు సినిమాలు. ఒక్కోదానికీ రెండు గుర్తులు ఉండాలి. చివరిదాకా చూస్తే ఒక టిక్కు పడుతుంది. బొమ్మ కింద ఎర్ర గీత సినిమా ఎక్కడ ఆపామో చెబుతుంది. సగంలో ఆపితే సగం దాకా, పూర్తిగా చూస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రగా ఉండాలి.

ఇరవై మూడింటికీ టిక్కు ఉంది. ఒక్కదానికీ ఎర్ర గీత లేదు. నేను కళ్ళు నులుముకుని మళ్ళీ కిందనుంచి పైకి చూశాను.

"అమ్మా, ఒకసారి ఇటు రండి. సినిమా పూర్తిగా చూసినట్టు టిక్కుంది. గీత మాత్రం లేదు. కంప్యూటర్ పాడైందా?"

ఆవిడ వంగి చూసింది. శనివారం నుంచి మొదటిసారి అనుకుంటాను, నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"పాడవలేదండీ. నాన్న రివైండ్ చేస్తాడు."

"ఏం చేస్తాడూ?"

"రివైండ్. సినిమా అయిపోగానే మౌసుతో ఆ గీత పట్టుకుని మొదటికి లాగి, అప్పుడు మూసేస్తాడు. షాపు రోజుల్నుంచీ అంతే. జనం క్యాసెట్ చివరిదాకా చూసి అలాగే తెచ్చి పడేసేవాళ్ళు. నాన్నకి పిచ్చి కోపం వచ్చేది. 'రివైండ్ చేయనివారికి మరో క్యాసెట్ ఇవ్వబడదు' అని బోర్డు కూడా పెట్టాడు. ఇది ఇంటర్నెట్ నాన్నా, నీ తర్వాత చూసేవాడికి మొదట్నుంచే వస్తుంది అని వందసార్లు చెప్పాను. 'ఏమో, ఎవడికైనా క్లైమాక్స్ నుంచి మొదలైతే పాపం' అంటాడు."

"ప్రతి సినిమాకీనా?"

"ఒక్కటి కూడా వదలడు. హెచ్‌డీ వచ్చాక మరీనూ. క్యాసెట్లో వాన సీన్‌కీ అరిగిపోయిన టేపుకీ తేడా తెలిసేది కాదు, ఇప్పుడు హీరో విగ్గు అంచు కూడా కనబడుతోందే అమ్మాయీ, అని ఫోన్ చేసి మరీ చెప్పేవాడు. చెప్పేవాడు కాదు, చెప్తాడు," అని తనే సరిదిద్దుకుంది.

నా వేలు లిస్టులో అన్నిటికంటే పై సినిమా మీద ఆగింది. శనివారం నాటిది. టిక్కు ఉంది. గీత లేదు. ఈ మాట వరండాలోకి పరిగెత్తి అరిచి చెప్పాలనిపించింది. కానీ ఇన్‌స్పెక్టర్ సంగతి నాకు తెలుసు. ఇలా చెబితే నవ్వేస్తాడు. మేనల్లుడి చేతే చెప్పించాలి.

ఆవిడ ఫోన్ గుర్రుమంది. తీసి, "ఆఁ, ఇక్కడే ఉన్నానండీ... ఇంకా ఏం చెప్పలేదు... తింటాలెండి," అని పెట్టేసింది. "మావారు," అంది నాతో. "పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. పోలీసులేమన్నారు, ఏమైనా దొరికిందా అని. కేబుల్ ఆఫీసుకి కూడా వెళ్ళకుండా ఇంట్లోనే ఉన్నారు. నాన్నంటే ఆయనకీ ప్రాణమే."

ఆవిడ భర్తని అందరూ 'కేబులు' అనే పిలుస్తారు. నాలుగు పేటలకి టీవీ కనెక్షన్లు ఆయనవే, సొంతంగా సినిమా ఛానల్ కూడా నడుపుతాడు. మంచి మొగుడు అనుకున్నాను, అనుకుని వదిలేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

టేబులు కింద దూరి చూశాను. తెర వెనక గోడ వార అంతా దుమ్ము. ఆ దుమ్ములో అరచేయంత చోటు మాత్రం నలుచదరంగా శుభ్రంగా ఉంది. అక్కడ ఏదో చిన్న పెట్టె చాలాకాలం ఉండి, ఈ మధ్యే పోయింది. పక్కనే దేనికీ తగలని కొత్త వైరు ముక్క ఒకటి వేలాడుతోంది. ఒంటి గంటా ముప్ఫై నాలుగు.

"మేనల్లుణ్ణి పిలిపించండి," అన్నాను, ఇన్‌స్పెక్టర్ లోపలికి రాగానే.

"మళ్ళీనా? వాడిని ఇప్పటికే రెండుసార్లు అడిగాను."

"మూడోసారి నేనడుగుతాను. పది నిమిషాలు. తర్వాత మీ కోర్టు మీది."

మేనల్లుడు దిగివచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. మేడ మీద గదిలో వీడియోలు ఎడిట్ చేస్తాడు. పెద్దాయన చెల్లెలి కొడుకు. వచ్చీ రాగానే కూతురి వైపు చూసి "ఏమైనా తెలిసిందా?" అన్నాడు. ఆవిడ "లేదు బావా" అంది. మేనల్లుడి ముఖంలో ఏదో తేలికపడినట్టు నాకనిపించింది.

"కూర్చోండి," అని కుర్చీ చూపించాను. "శనివారం మీరు దిగేసరికి కంప్యూటర్ ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా?"

"ఆఫ్‌లో."

"సినిమా బాగుందా?"

"బానే ఉంది. తమ్ముడే హంతకుడు."

"చివరిదాకా చూశారా, మధ్యలో లేచారా?"

"చివరిదాకా. పేర్లు కూడా పడ్డాయి. నాలుగున్నరకి లేచాను."

"మీ సినిమాలు మీరు మేడ మీద చూసుకోవచ్చుగా? అక్కడ మూడు తెరలున్నాయట."

"మావయ్య అకౌంట్ ఇక్కడే ఉంది. హెచ్‌డీ ఇందులోనే బాగా వస్తుంది."

"నాకు ఈ కంప్యూటర్లు సరిగ్గా రావు," అని అబద్ధమాడాను. "అదిగో, పది నిమిషాల చిన్న సినిమా ఒకటి ఉచితంగా ఉంది. అది పెట్టి, మీరు శనివారం ఎలా చూశారో, అయ్యాక ఎలా మూశారో చూపిస్తారా? పది నిమిషాలూ కూర్చోనక్కర్లేదు, చివరికి జరపండి."

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చాడు. మేనల్లుడు చకచకా నొక్కాడు. ప్లే. చివరికి జరిపాడు. ఆఖరి అర నిమిషం ఆడింది. పేర్లు పడ్డాయి. తెర నల్లబడింది. పై మూల క్రాసు గుర్తు నొక్కి మూసేశాడు.

"అంతేనా?"

"అంతే."

"శనివారం కూడా ఇలాగే?"

"అవును సార్. ఇంకెలా మూస్తారు?"

"లిస్టు తెరవండి."

తెరిచాడు. ఇప్పుడు చూసిన చిన్న సినిమా అన్నిటికంటే పైన ఉంది. టిక్కుంది. బొమ్మ కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్ర గీత ఉంది. దాని కిందే శనివారం సినిమా. టిక్కుంది, గీత లేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ రెంటికీ తేడా ఏమిటో చెప్పండి."

ఆయన ముందుకి వంగాడు. "ఇది ఎర్రగా ఉంది. అది లేదు. అయితే?"

నేను కూతురి వైపు చూశాను. ఆవిడకి ఎప్పుడో అర్థమైపోయింది. రివైండ్ గురించి నాకు చెప్పిందంతా మళ్ళీ చెప్పింది. బోర్డు దగ్గరికి వచ్చేసరికి వయసు మళ్ళిన హెడ్ కానిస్టేబుల్ తలూపాడు. "నిజమే సార్. నాకూ ఒకసారి క్యాసెట్ ఇవ్వనన్నాడు. యూనిఫాంలో ఉన్నా సరే."

"శనివారం సినిమా చూసింది పెద్దాయన," అన్నాను. "నాలుగూ ముప్ఫై ఒకటికి సినిమా అయిపోయింది. ఆయన ఎప్పట్లాగే గీత మొదటికి లాగి మూశాడు. అంటే నాలుగూ ముప్ఫై ఒకటికి పెద్దాయన ఈ కుర్చీలో నిక్షేపంలా ఉన్నాడు. రెండూ నాలుగుకే వెళ్ళిపోయిన నర్సు అప్పుడెక్కడుంది?"

"ఆస్పత్రిలో. రెండూ నలభై నుంచి డ్యూటీ," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. ఇన్‌స్పెక్టర్ ఆయన వైపు గుర్రుగా చూశాడు.

"నేను కూడా రివైండ్ చేస్తాను!" మేనల్లుడు ఒక్కసారిగా లేచాడు. "మావయ్య దగ్గరే నేర్చుకున్నా. శనివారం చేశాను. ఇప్పుడు మర్చిపోయాను."

"ఇప్పుడే కదా, ఇంకెలా మూస్తారు అని నన్నడిగారు?"

వాడి చూపు తెర వెనక గోడ వైపు వెళ్ళింది.

"ఆ వెనక దుమ్ములో అరచేయంత పెట్టె ఒకటి ఉండేది. ఏమిటది?"

నేను చేయి చాపాను. "ఫోన్ ఇటివ్వండి." ఇవ్వలేదు. హెడ్ కానిస్టేబుల్ మర్యాదగా జేబులోంచి తీసుకున్నాడు. దాంతో వాడి ధైర్యం సగం దిగిపోయింది.

"కాపీ పెట్టె," అన్నాడు చివరికి, నేల చూపులు చూస్తూ. "తెర మీద సినిమా ఆడుతుంటే అది అలాగే దించుకుంటుంది. మావయ్య హెచ్‌డీలోనే తీసుకుంటాడు కాబట్టి కాపీ శుభ్రంగా వచ్చేది. ఆయన చూసుకుంటూ కూర్చుంటే నా పని వెనకాల జరిగిపోయేది. ఎనిమిది నెలల్నుంచీ. శనివారం సినిమా అయ్యాక కళ్ళజోడు గుడ్డ కింద పడింది. వంగాడు. ఎర్ర లైటు వెలుగుతోంది."

కూతురు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "నాన్న షాపులో ముప్ఫై ఏళ్ళలో ఒక్క దొంగ క్యాసెట్ పెట్టలేదు బావా. పక్క షాపువాడు పెట్టి జనాన్ని లాక్కుపోతున్నా పెట్టలేదు. ఆయన కంప్యూటర్లోనే..."

"తెలుసు! అందుకే అంత గొడవ చేశాడు. పోలీసులకి చెప్తానన్నాడు. నేను కాళ్ళు పట్టుకున్నా. వినలేదు. ఏం చేయాలో తెలీక ఫోన్ చేశాను. ఆయన వచ్చి వెనక గుమ్మంలోంచి తీసుకెళ్ళాడు. రెండ్రోజుల్లో నచ్చజెప్పి పంపిస్తానన్నాడు. నర్సు సంగతి ఆయన చెప్పమన్నట్టే చెప్పాను. మావయ్య మీద నేను చెయ్యి వేయలేదు, ఒట్టు!"

"ఆయనంటే ఎవరు? కాపీలు ఎవరికిచ్చేవాడివి?"

వాడు తలెత్తి కూతురి వైపు చూశాడు. వెంటనే దించేశాడు. "చెప్తే నన్ను బతకనివ్వడు."

"చెప్పకపోతే నేను బతకనివ్వను!" ఇన్‌స్పెక్టర్ టేబులు మీద గుద్దాడు. హెడ్‌ఫోన్ కింద పడింది. వాడు తల అడ్డంగా ఊపుతూ గోడకి ఆనుకున్నాడు. రెండు గంటల రెండు నిమిషాలు. ఎవరి ఇంట్లోనో, మాత్ర లేకుండా, తను తప్పు చేయకుండానే బందీగా ఉండాల్సి వచ్చిన ఓ ముసలాయన. పైగా ఆయన ఇంటికి తిరిగొస్తే వీళ్ళ కథ ముగిసినట్టే. అలాంటి మనిషిని ఎన్నాళ్ళు ఉంచుతారు?

అప్పుడు కూతురు అంది. "ఇదేమిటి?"

తెర మీద లిస్టు తనంతట తాను కదిలింది. శనివారం సినిమా అన్నిటికంటే పైకి వచ్చింది. ఇందాకటిదాకా ఖాళీగా ఉన్న బొమ్మ కింద సన్నగా ఎర్ర గీత మొదలైంది. పక్కన చిన్న అక్షరాలు పడ్డాయి. 'ఇప్పుడు ప్లే అవుతోంది: అమ్మాయి ట్యాబ్.'

అందరం తెర మీదకి వంగాం.

అద్దె పద్ధతి నాకు తెలుసు. ప్లే నొక్కినప్పటి నుంచి నలభై ఎనిమిది గంటలు. శనివారం రెండూ ఇరవైకి మొదలైంది కాబట్టి ఇవాళ రెండూ ఇరవై దాకా ఆ సినిమాని ఈ అకౌంట్ ఉన్న ఏ తెర మీదైనా చూడొచ్చు. ఇంకా పద్దెనిమిది నిమిషాల గడువు. ఎక్కడో ఎవరో దాన్ని మళ్ళీ పెట్టారు.

"ఎవడో చూద్దాం పట్టు," అని ఇన్‌స్పెక్టర్ మౌసు అందుకున్నాడు.

"నొక్కకు!"

నొక్కేశాడు. తెర మధ్యలో ఓ డబ్బా తెరుచుకుంది. 'ఈ సినిమా మరో తెర మీద ఆడుతోంది. అక్కడ ఆపి ఇక్కడ చూడాలా?' నేను చేయి పట్టుకునేలోపే మావాడి వేలు 'అవును' మీద పడిపోయింది. మా ముందు సినిమా మొదలైంది. అక్కడ, అది ఎక్కడైతేనేం, ఆగిపోయింది. ఎవరు ఆపారో కూడా అక్కడి తెర మీద పడి ఉంటుంది. హాల్ కంప్యూటర్ అని.

"ఏం చేశావురా తమ్ముడూ!" కానిస్టేబుళ్ళున్నారన్న సంగతి కూడా మర్చిపోయాను. మౌసు లాక్కుని సినిమా ఆపి లిస్టులోకి వచ్చాను. ఎర్ర గీత ఒక వేలు గోరంత ఉంది. మేం చూస్తుండగానే ఆ గీత వెనక్కి నడిచింది. కొంచెం, ఇంకొంచెం. మొదటిదాకా వెళ్ళి మాయమైంది.

సినిమా లాగేసుకున్నా సరే, ఎవరో దాన్ని రివైండ్ చేసి మరీ వదిలారు.

"నాన్నా!" కూతురు తెరని రెండు చేతులతో పట్టుకుంది. "నాన్నండీ! నాన్న బతికున్నాడు! ఇది నాన్నే!" ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది, తెరని ఊపేస్తోంది. నా కళ్ళు కూడా తడిశాయి, దాచుకోలేదు. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మా, 'అమ్మాయి ట్యాబ్' ఎక్కడుంది?"

"నాదే. నాన్న మా ఇంటికొచ్చినప్పుడు చూసుకుంటాడని అందులో ఆయన అకౌంట్ పెట్టాను. మా మేడ మీద గదిలో..." మాట మధ్యలో ఆగిపోయింది. "ఆ గదికి శనివారం నుంచి మావారు తాళం వేశారు. రంగులేయిస్తున్నాను, వాసన పడదు, పైకి రాకు అన్నారు. నేను రెండు రాత్రులూ కిందే పడుకున్నానండీ. ఆయన మాత్రం పైకీ కిందకీ తిరుగుతూనే ఉన్నారు. దిగులుతో నిద్ర పట్టడం లేదనుకున్నాను."

మేనల్లుడు గోడ వార జారి కూలబడ్డాడు. కాపీలు కేబులు సినిమా ఛానల్‌కే వెళ్ళేవని వాడు నోరు విప్పి చెప్పాల్సిన పని ఇక లేదు.

ఆవిడ ఫోన్ మోగింది. తెర మీద 'మావారు' అని ఉంది. ఐదోసారి.

"స్పీకర్ పెట్టండి," అన్నాను గుసగుసగా. "మామూలుగా మాట్లాడండి."

"హలో," అందావిడ.

"ఎక్కడున్నావ్?" కేబులు గొంతు మెత్తగా ఉంది.

"నాన్న ఇంట్లో."

"మీ నాన్న కంప్యూటర్ దగ్గర ఎవరున్నారు?"

ఆవిడ నా వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు. "నేనేనండీ. నాన్న చివరిసారి ఏం చూశాడో చూద్దామనిపించింది. తెలీక ఏదో నొక్కాను. ఏమైంది?"

అవతల ఏదో ఈడ్చిన చప్పుడు. నేను లెక్కపెట్టాను. నాలుగు సెకన్లు.

"ఏం లేదు. ఏడవకు. నువ్వక్కడే ఉండు, సాయంత్రం దాకా ఇంటికి రాకు. మేడ మీద రంగు డబ్బాలు, పాత సామానంతా తీయించేస్తున్నాను. వ్యాను మెట్ల దగ్గరే పెట్టించాను."

అతని మాట వెనకాల ఎవరో దగ్గారు. పొడి దగ్గు, రెండుసార్లు. ఫోన్ ఆగిపోయింది.

"అది మా నాన్న దగ్గండీ," అందావిడ. గొంతులో ఏడుపు లేదు. "మేడ మెట్లు పద్దెనిమిది. నడిచి దిగితే నాన్నకి ఐదు నిమిషాలు పడుతుంది. మోసుకుని దింపితే ఒక్కటే."

"ఇక్కణ్ణించి మీ ఇంటికి?"

"ఇరవై నిమిషాలు."

నేను ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాను. "వైర్‌లెస్ తీయి. ఆ ఇంటికి దగ్గర్లో ఏ జీపు ఉంటే ఆ జీపు పంపు. ఈ క్షణం!"

వైర్‌లెస్ చేతిలో ఉంది. బటన్ మీద వేలు కూడా ఉంది. మావాడు మాత్రం నొక్కడం లేదు.

"అన్నయ్యా," అన్నాడు. "నన్నిక్కడ దింపిన జీపుతో సహా స్టేషన్‌లో ఉన్న రెండు జీపులూ, మిగతా మనుషులందరూ కాలవ దగ్గరే ఉన్నారు. శవం కొట్టుకుపోయి ఉంటుందని లాకుల అవతలకి పంపాను. అక్కణ్ణించి నలభై నిమిషాలు."